నాన్న 'డ్రైవింగ్' క్రియా, నామవాచకమా? టీచరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు 'ఇంగ్' చుట్టూనే తిరిగాయి. అందుకే మిగిలిన సందేహాలను వచ్చే నెలకు ఉంచి, వీటికే జవాబు రాస్తున్నాను. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. వాటిని ఒకసారి పైకి చదువుకోండి. వ్యాకరణం కంటికన్నా చెవికి ముందు తెలుస్తుంది.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. నేను తిరుపతిలో ఆర్టీసీ డ్రైవర్ని. కొండ బస్సు నడుపుతాను. మా పాప తొమ్మిదో తరగతి. బడిలో నాన్న గురించి అయిదు వాక్యాలు రాయమంటే 'మై ఫాదర్స్ జాబ్ ఈజ్ డ్రైవింగ్ ఎ బస్' అని రాసింది. ఆ వాక్యం చాలా బాగుందన్నారంట. తర్వాత అందులో 'డ్రైవింగ్' ఏ భాషాభాగం అని అడిగితే 'క్రియ, ప్రెజెంట్ కంటిన్యువస్' అని రాసింది. తప్పని కొట్టేశారు. 'ఈజ్' ఉంది, 'ఇంగ్' ఉంది, మరి కంటిన్యువస్ ఎందుకు కాదని పాప ఒకటే ఏడుపు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏమి చెప్పేది ఆ బిడ్డకి?
(ఒక తండ్రి, తిరుపతి)

జవాబు: నాయనా, పాప రాసింది తప్పే గానీ ఊరికే రాయలేదు. 'ఈజ్' తర్వాత 'ఇంగ్' వస్తే కంటిన్యువస్ అని ఆమెకు ఎవరో నేర్పారు. అలా నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాకాల దగ్గర ఒక పల్లె బడిలో, ఆ సూత్రాన్ని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పిల్లలచేత వల్లె వేయించాను. ఆ ఏడు పరీక్షలో 'మై హాబీ ఈజ్ సింగింగ్' అనే వాక్యం వచ్చింది. ఒక అమ్మాయి దాన్ని కంటిన్యువస్ అని రాసి మార్కు పోగొట్టుకుంది. పేపరు పట్టుకొచ్చి నా ముందు నిలబడి, "మీరు చెప్పినట్టే రాసినాను కదా మేడమ్" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ రోజునుంచి ఆ సూత్రం మళ్ళీ బోర్డెక్కలేదు.

పాపను దగ్గర కూర్చోబెట్టుకుని ఈ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాయించండి.

'మై ఫాదర్ ఈజ్ డ్రైవింగ్ ఎ బస్.'

'మై ఫాదర్స్ జాబ్ ఈజ్ డ్రైవింగ్ ఎ బస్.'

చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. ఇప్పుడు తెలుగులో చెప్పమనండి. మొదటిది 'మా నాన్న బస్సు నడుపుతున్నాడు'. రెండోది 'మా నాన్న పని బస్సు నడపడం'. ఒకచోట 'నడుపుతున్నాడు' వచ్చింది, ఇంకోచోట 'నడపడం' వచ్చింది. ఇంగ్లీషు రెండింటికీ ఒకే 'డ్రైవింగ్' తొడిగింది, తెలుగు రెండు వేరు మాటలు ఇచ్చింది. రెండో వాక్యాన్ని 'మా నాన్న పని బస్సు నడుపుతోంది' అని ఏ బిడ్డా అనదు. పని బస్సు నడపదు కదా, మనిషి నడుపుతాడు. మీ పాపకు ఈ తేడా మూడేళ్ళ వయసునుంచే తెలుసు. తనకు తెలిసినదాన్ని ఇంగ్లీషు వాక్యం పక్కన పెట్టి చూసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంకో పరీక్ష. మీరు డ్యూటీ దిగి ఇంటికొచ్చి అన్నం తింటున్నారు. అప్పుడు మొదటి వాక్యం అబద్ధం అయిపోతుంది, ఎందుకంటే ఆ నిమిషాన మీరు బస్సు నడపడం లేదు. రెండో వాక్యం మాత్రం అప్పుడూ నిజమే. మీ పని బస్సు నడపడమే. జరుగుతూ ఉన్న పనిని చెప్పేది కంటిన్యువస్. పనికి పేరు పెట్టి, ఆ పేరును ఒక వస్తువులా వాక్యంలో కూర్చోబెడితే అది నామవాచకం.

వాక్యాన్ని తిరగేసి కూడా చూడొచ్చు. 'డ్రైవింగ్ ఎ బస్ ఈజ్ మై ఫాదర్స్ జాబ్', బస్సు నడపడం మా నాన్న పని. చక్కగా నిలబడింది. మొదటి వాక్యాన్ని అలా తిరగేస్తే 'డ్రైవింగ్ ఎ బస్ ఈజ్ మై ఫాదర్' అవుతుంది. బస్సు నడపడం మా నాన్న అని అర్థం వస్తుంది, అది వాక్యమే కాదు. 'ఈజ్'కు అటూ ఇటూ ఉన్నవి చోట్లు మార్చుకోగలిగితే అక్కడ 'ఇంగ్' మాట పేరుగా నిలబడిందని గుర్తు.

ఇలా పేరుగా మారిన 'ఇంగ్' మాటను ఇంగ్లీషు వ్యాకరణంలో జెరండ్ అంటారు. లాటిన్‌లో 'గెరెరె' అంటే మోయడం, ఒక పనిని నిర్వహించడం. ఆ మాటలోంచి వచ్చిన పేరు ఇది. పాపకు ఈ పేరు బరువుగా అనిపిస్తే ప్రస్తుతానికి వదిలేయండి. 'నడపడం రకం డ్రైవింగ్', 'నడుపుతున్నాడు రకం డ్రైవింగ్' అని రెండు గుర్తులు పెట్టుకున్నా సరిపోతుంది. మీ ఉత్తరంలో మీరే 'ఏమి చెప్పేది ఆ బిడ్డకి' అని రాశారు. మన చిత్తూరు మాటల్లో 'నడపడం' అనడానికి బదులు 'నడిపేది' అంటాం. 'ఘాట్‌లో బస్సు నడిపేది కష్టం', 'బస్సు నడిపేదానికి పోయినాడు' అంటాం. ఈ 'నడిపేది' కూడా క్రియలోంచి పుట్టిన పేరే. 'నడపడం' పుస్తకాల మాటలా వినిపిస్తే, 'మా నాయన పని బస్సు నడిపేది' అని చెప్పించండి. ఇంటి మాటలో అర్థమైతే పాప ఇంక మరచిపోదు.

నామవాచకం ఎక్కడెక్కడ కూర్చుంటుందో ఈ 'డ్రైవింగ్' కూడా అక్కడల్లా కూర్చుంటుంది. 'డ్రైవింగ్ ఆన్ ది ఘాట్ రోడ్ నీడ్స్ పేషన్స్' అన్నప్పుడు వాక్యానికి కర్త అదే. 'మై ఫాదర్ ఎంజాయ్స్ డ్రైవింగ్' అంటే కర్మ అవుతుంది. 'హి ఈజ్ గుడ్ ఎట్ డ్రైవింగ్' అంటే 'ఎట్' అనే ప్రిపొజిషన్ వెనక నిలబడుతుంది. ప్రిపొజిషన్ వెనక క్రియను పెట్టాలంటే దానికి 'ఇంగ్' తగిలించాల్సిందే. 'గుడ్ ఎట్ డ్రైవ్' అని మన పిల్లలు రాసే తప్పు ఇక్కడే పుడుతుంది.

పేరుగా మారినా అది పుట్టింటి గుణం వదులుకోదు. 'డ్రైవింగ్ ఎ బస్ కేర్‌ఫుల్లీ' అంటాం. బస్సును, జాగ్రత్తగా, నడపడం. బయటినుంచి చూస్తే నామవాచకం, లోపల క్రియ. అందుకే దానికి కర్మ ఉంటుంది, 'కేర్‌ఫుల్లీ' లాంటి క్రియావిశేషణం ఉంటుంది. మామూలు నామవాచకానికి ఇవి పొసగవు.

ఇంకో సంగతి, పరీక్షల్లో తరచూ అడిగేది. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. 'క్లైంబింగ్ 3,550 స్టెప్స్' తర్వాత 'ఈజ్ హార్డ్' రావాలా, 'ఆర్ హార్డ్' రావాలా? స్టెప్స్ బహువచనం కదా అని పిల్లలు 'ఆర్' రాస్తారు. తెలుగులో అడగండి. '3,550 మెట్లు ఎక్కడం కష్టంగా ఉంది' అంటామా, 'కష్టంగా ఉన్నాయి' అంటామా? 'ఉంది' అనే అంటాం. మెట్లు ఎన్ని ఉన్నా ఎక్కడం ఒక్కటే. ఇంగ్లీషులోనూ అంతే, 'ఈజ్' రావాలి.

తెలుగు సాయం చేయని చోటు కూడా చెప్పాలి. తిరుమలలో 'వెయిటింగ్ హాల్' అని బోర్డు ఉంటుంది. 'వెయిటింగ్ పిల్‌గ్రిమ్స్' అని పేపర్లో రాస్తారు. తెలుగులో రెండింటికీ 'వేచి ఉండే' అనే వస్తుంది: వేచి ఉండే హాలు, వేచి ఉండే భక్తులు. ఇక్కడ మన పరీక్ష పారదు. వేచి ఉండేది ఎవరు అని అడగాలి. భక్తులు వేచి ఉంటారు, కాబట్టి అది విశేషణంగా వాడిన 'ఇంగ్' మాట, దాన్ని పార్టిసిపిల్ అంటారు. హాలు దేనికోసమూ వేచి ఉండదు. వేచి ఉండడం కోసం కట్టిన హాలు కాబట్టి అది జెరండ్. మీ జేబులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు కూడా రెండో రకమే. లైసెన్సు బండి నడపదు.

పాపను ఏడవొద్దని చెప్పండి. వాక్యం నిజంగానే బాగుంది.

ప్రశ్న: మేడమ్, నేను డీఎస్సీకి చదువుతున్నాను. 'ఐ డోంట్ లైక్ హిమ్ కమింగ్ లేట్' సరైనదా, 'హిజ్ కమింగ్ లేట్' సరైనదా? కోచింగ్‌లో ఒక సార్ ఒకటి, ఇంకో సార్ ఇంకొకటి చెప్పారు. చాలా టెన్షన్‌గా ఉంది.
(డీఎస్సీ అభ్యర్థి, చంద్రగిరి)

జవాబు: ఇద్దరు సార్లూ సరిగ్గానే చెప్పారు తల్లీ. మాట్లాడేటప్పుడు 'హిమ్' వాడతారు, అందులో తప్పులేదు. పద్ధతిగా రాసేటప్పుడు 'హిజ్' వాడతారు. పరీక్షలో రెండూ ఇచ్చి ఒకటే ఎంచుకోమంటే 'హిజ్' పెట్టండి. ముఖ్యంగా ఆ మాట వాక్యం మొదట్లో వస్తే 'హిజ్ కమింగ్ లేట్ అప్‌సెట్ అస్' అనే రాయాలి. అక్కడ 'హిమ్' పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

మన పిల్లలు చేసే అసలు తప్పు ఈ రెండూ కాదు. 'ఐ డోంట్ లైక్ హి కమింగ్ లేట్' అని రాస్తారు. వేల పేపర్లు దిద్దాను, ఈ 'హి' కనబడని కట్ట లేదు. అది ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? తెలుగునుంచే. 'వాడు ఆలస్యంగా రావడం నాకు నచ్చదు' అంటాం. 'రావడం' ముందు 'వాడు' అనే ప్రథమా విభక్తి మాటే ఉంటుంది. 'వాడి రావడం' అనం. ఆ 'వాడు' నేరుగా 'హి' అయి కూర్చుంటుంది.

దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది. 'రావడం' తీసేసి 'రాక' పెట్టండి. 'వాడి రాక' అంటాం. 'వాడు రాక' అంటే అర్థమే వేరైపోతుంది, వాడు రాకపోవడం అనిపిస్తుంది. ఇంగ్లీషు 'కమింగ్' ముందు ఏ మాట రాయాలో సందేహం వస్తే మనసులో 'రాక' అనుకోండి. నా రాక 'మై కమింగ్', మీ రాక 'యువర్ కమింగ్', వాళ్ళ రాక 'దెయిర్ కమింగ్'.

ఒక్క జాగ్రత్త. 'ఐ సా హిమ్ కమింగ్' అనే వాక్యంలో 'హిజ్' పెట్టకూడదు. తెలుగులో 'వాడు రావడం చూశాను' అంటాం కాబట్టి ఇదీ జెరండే అనుకుంటారు. ఇక్కడ మీరు చూసింది వాణ్ణి. వాడు వస్తుండగా చూశారు. చూడడం, వినడం, గమనించడం లాంటి క్రియల వెనక 'హిమ్' మాత్రమే రాయండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. ఒక మెయిల్ చివర్లో 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు' అని రాస్తే మా మేనేజర్ 'హియరింగ్' అని దిద్దారు. 'టు' తర్వాత క్రియ మొదటి రూపం రావాలని బడిలో చదువుకున్నాం కదా?
(ఒక ఉద్యోగి, సత్యవేడు)

జవాబు: మేనేజర్ దిద్దింది సరైనదే. ఇంగ్లీషులో 'టు'లు రెండున్నాయి. ఒకటి క్రియకు ముందు వచ్చే 'టు'. రెండోది 'కి, కు' అనే అర్థంలో వచ్చే ప్రిపొజిషన్. మీరు బడిలో చదివింది మొదటిదాని గురించి. మెయిల్లో రాసింది రెండోది.

తేడా తెలియాలంటే 'టు' తర్వాత ఒక పండుగ పేరు పెట్టండి. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు బ్రహ్మోత్సవమ్స్' అంటే వాక్యం బాగుంది. పేరు పట్టిందంటే అది ప్రిపొజిషన్, దాని వెనక క్రియ రావాలంటే 'ఇంగ్' కావాలి. 'ఐ వాంట్ టు బ్రహ్మోత్సవమ్స్' అంటే కుదరదు. అక్కడ 'వాంట్ టు సీ' లాగా క్రియ మొదటి రూపమే రాయాలి.

మీకు రోజూ పనికొచ్చేది ఇంకొకటి. 'ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్ షిఫ్ట్స్' అంటే నాకు నైట్ షిఫ్టులు చేయడం అలవాటే అని. 'ఐ యూజ్డ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్' అంటే ఒకప్పుడు చేసేవాణ్ణి, ఇప్పుడు చేయడం లేదని. ఇంటర్వ్యూలో ఇవి తారుమారైతే మీ మాట అర్థమే మారిపోతుంది. 'అబ్జెక్ట్ టు', 'అడిక్టెడ్ టు', 'విత్ ఎ వ్యూ టు' వెనక కూడా 'ఇంగ్' రూపమే వస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను తెలుగు పండితుడిగా పనిచేసి విరమించాను. మనవడి ఇంగ్లీషు పుస్తకంలో జెరండ్ పాఠం చూశాను. ఇది మన వ్యాకరణంలో దేనికి సరిపోతుంది? ఒకే రూపం నామవాచకానికీ అసమాపక క్రియకూ ఎలా వచ్చింది? మన భాషలో ఇంత గందరగోళం లేదు కదా?
(విశ్రాంత తెలుగు పండితులు, శ్రీకాళహస్తి)

జవాబు: అయ్యగారికి నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఈ పాఠాన్ని ఇంగ్లీషు టీచర్లూ తెలుగు టీచర్లూ పక్కపక్కన కూర్చుని చెప్పాలని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. ఒకే బడిలో, ఒకే పదో తరగతికి, మీరు పక్క గదిలో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం చెబుతుంటే మేము ఈ గదిలో పార్టిసిపిల్, జెరండ్, ఇన్ఫినిటివ్ చెప్పేవాళ్ళం. రెండూ ఒకే సంగతి అని పిల్లలకు ఒక్కరమూ చెప్పలేదు.

జెరండ్‌కు సరిపోయేది మన భావార్థకం. 'చదువుట', 'చదవటం', 'చదవడం' ఏ రూపమైనా అదే. పార్టిసిపిల్‌కు దగ్గరగా ఉన్నది 'చదువుతూ' అనే శత్రర్థకం, 'చదువుతున్న' అనే విశేషణ రూపం. 'టు రీడ్' లాంటి ఇన్ఫినిటివ్‌కు దగ్గరిది 'చదవడానికి' అనే తుమర్థకం. పేర్లు పక్కపక్కన పెట్టి చెబితే మీ మనవడికి రెండు పాఠాలూ ఒకేసారి వస్తాయి.

ఒకే రూపం ఎలా వచ్చిందన్నారు. ఇది నాకు చాలా ఇష్టమైన కథ. ఇంగ్లీషులో కూడా మొదట ఇవి ఒకటి కావు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో పేరుకు ఒక ప్రత్యయం, విశేషణానికి ఇంకో ప్రత్యయం ఉండేవి. 'లెయోర్నుంగ్' అంటే నేర్చుకోవడం. 'లెయోర్నియెండె' అంటే నేర్చుకుంటున్న. 'ఉంగ్' లేదా 'ఇంగ్' వస్తే పేరు, 'ఎండె' వస్తే పార్టిసిపిల్. మన 'డం', 'తున్న' లాగానే స్పష్టంగా ఉండేవి. తర్వాతి శతాబ్దాల్లో, మధ్యకాలపు ఇంగ్లీషులో, చివరి అచ్చులు అరిగిపోయి రెండింటి ఉచ్చారణా దగ్గరైంది. చివరికి 'ఎండె' మాయమై 'ఇంగ్' ఒక్కటే మిగిలి, రెండు పనులూ నెత్తిన వేసుకుంది. ఇంగ్లీషుకు చుట్టమైన జర్మన్‌లో ఇప్పటికీ 'ఉంగ్' వేరు, 'ఎండ్' వేరు. మనవడి పుస్తకంలో ఉన్న గందరగోళం ఆ అరుగుదలలోంచి వచ్చింది.

మన భాషలో గందరగోళం లేదన్నది చాలావరకు నిజం. అయితే మనకూ రెండు మూడు అంతస్తులున్నాయి. 'చూడడం' అన్నది క్రియకు బాగా దగ్గర. 'చూపు' అన్నది పూర్తిగా పేరు. సంస్కృతంనుంచి వచ్చిన 'దర్శనం' కూడా పేరే, అది దృశ్ ధాతువుకు ల్యుట్ ప్రత్యయం చేరితే వచ్చింది. అలాగే 'నడవడం, నడక, గమనం'. 'రాయడం, రాత, లేఖనం'. మన తిరుపతిలో రోజుకు ఎన్నిసార్లో వినే 'దర్శనం' అనే మాటతోనే ఇంగ్లీషులో ఒక చిక్కు ముడి విప్పవచ్చు.

'స్వామిని చూడడం' అంటాం. 'చూడడం'కు కర్మ ఉంది, ద్వితీయా విభక్తితో. 'స్వామిని దర్శనం' అని మాత్రం అనం, 'స్వామి దర్శనం' అంటాం. అది షష్ఠి. ('స్వామిని దర్శనం చేసుకున్నాం' అని ఎవరైనా అంటే ఆ 'ని' చేసుకోవడానికి చెందినది, దర్శనానికి కాదు.) ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. 'రీడింగ్ ది భాగవతమ్ స్లోలీ' అంటే భాగవతాన్ని నెమ్మదిగా చదవడం. ఇది జెరండ్, కర్మను నేరుగా తీసుకుంది, క్రియావిశేషణాన్ని తీసుకుంది. 'ది స్లో రీడింగ్ ఆఫ్ ది భాగవతమ్' అంటే భాగవత పఠనం. ముందు 'ది' వచ్చింది, 'స్లోలీ' పోయి 'స్లో' అనే విశేషణం వచ్చింది, కర్మకు 'ఆఫ్' అడ్డం వచ్చింది. ఇది పూర్తి నామవాచకం, కొన్ని పుస్తకాల్లో దీన్ని వెర్బల్ నౌన్ అంటారు. మాట అదే 'రీడింగ్'. చుట్టూ ఉన్నవాళ్ళను చూసి అది చదవడమో పఠనమో తేల్చుకోవాలి. రెండింటినీ కలిపి 'ది రీడింగ్ భాగవతమ్' అని పిల్లలు రాస్తారు. అది 'స్వామిని దర్శనం' లాంటి తప్పు.

బాలవ్యాకరణంలో చిన్నయసూరి కృదంతాలకు ఒక పరిచ్ఛేదమే కేటాయించారని మీకు నేను చెప్పనక్కరలేదు. మనవడికి ఆ పరిచ్ఛేదంలోని ఉదాహరణలు మీరే చెప్పండి. ఇంగ్లీషు పాఠానికి అంతకంటే మంచి ముందుమాట లేదు.

ప్రశ్న: టీచరమ్మా, నేను ఇంట్లో ఉండి పాపతోపాటు ఇంగ్లీషు నేర్చుకుంటున్నా. 'ఎంజాయ్' తర్వాత 'ఇంగ్', 'వాంట్' తర్వాత 'టు' అని ఇంత పొడుగు జాబితా ఇచ్చినారు. ఒంటికి పట్టడం లేదు. వేరే దారి ఏదైనా ఉందా?
(ఒక తల్లి, పలమనేరు)

జవాబు: ఉందమ్మా, మూడొంతులు దూరం తీసుకుపోయే దారి ఒకటుంది. తెలుగులో 'డం' వస్తే 'ఇంగ్' రాయండి. 'ఆలని' గానీ 'డానికి' గానీ వస్తే 'టు' రాయండి.

'వంట చేయడం నాకు ఇష్టం' అంటే 'ఐ ఎంజాయ్ కుకింగ్'. 'స్వీట్లు తినడం మానుకోండి' అంటే 'అవాయిడ్ ఈటింగ్ స్వీట్స్'. 'ఇల్లు ఊడవడం ముగించాను' అంటే 'ఐ ఫినిష్డ్ స్వీపింగ్'. అటువైపు, 'కాణిపాకం వెళ్ళాలని ఉంది' అంటే 'ఐ వాంట్ టు గో'. 'వెళ్ళాలని నిర్ణయించుకున్నాం' అంటే 'వి డిసైడెడ్ టు గో'. 'రావడానికి ఒప్పుకోలేదు' అంటే 'రిఫ్యూజ్డ్ టు కమ్'.

కొన్ని క్రియలకు రెండూ వస్తాయి, అర్థం మారుతుంది. అక్కడ ఈ కొలత ఇంకా బాగా పనిచేస్తుంది. 'హి స్టాప్డ్ డ్రింకింగ్ టీ' అంటే టీ తాగడం మానేశాడు. 'హి స్టాప్డ్ టు డ్రింక్ టీ' అంటే టీ తాగడానికి ఆగాడు. మొదటివాడు టీ అంగడి దాటి పోయాడు, రెండోవాడు అంగడి దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. 'ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్' అంటే తలుపుకు తాళం వేయడం నాకు గుర్తుంది, పని అయిపోయింది. 'రిమెంబర్ టు లాక్ ది డోర్' అంటే తాళం వేయాలని గుర్తుపెట్టుకో, పని ఇంకా ఉంది. ఊరికి పోయేటప్పుడు పాపకు చెప్పాల్సింది రెండోది.

ఈ దారి తప్పే చోట్లు మూడు చెబుతాను, ఇవి మాత్రం బట్టీ పట్టండి. 'ఈదడం నేర్చుకుంది' అని మనం 'డం' పెడతాం, ఇంగ్లీషులో 'షి లెర్న్డ్ టు స్విమ్' అనాలి. 'కొండకు పోదామని చెప్పాడు' అంటాం, 'హి సజెస్టెడ్ గోయింగ్' అనాలి. 'సజెస్టెడ్ టు గో' తప్పు, పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఇక్కడ జారిపోతారు. మూడోది 'మిమ్మల్ని కలవాలని ఎదురుచూస్తున్నాను'. దాని సంగతి పైన సత్యవేడు అబ్బాయికి రాసిన జవాబులో ఉంది.

జాబితా చింపేయకండి. గోడకు అంటించి, రోజుకు ఒక క్రియతో మీ ఇంటి పని గురించి ఒక వాక్యం చెప్పండి. పాప దిద్దుతుంది. తల్లి వాక్యాన్ని దిద్దేటప్పుడు పిల్లలకు వచ్చే శ్రద్ధ, పుస్తకం దిద్దేటప్పుడు రాదు. ఇది నేను ఎన్నో ఇళ్ళలో చూశాను.

ప్రశ్న: మేడమ్, నేను ఆరో తరగతి. మా అక్క చివర్లో 'ఇంగ్' ఉంటే జెరండ్ అని చెప్పింది. మరి 'కింగ్'లో, 'రింగ్'లో కూడా 'ఇంగ్' ఉంది. 'బిల్డింగ్', 'మార్నింగ్', 'ఈవినింగ్' కూడా జెరండేనా?
(ఆరో తరగతి విద్యార్థి, చిత్తూరు)

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావు బంగారూ. 'ఇంగ్' తీసేసి చూడు. మిగిలినది క్రియ అయితేనే దాని గురించి ఆలోచించాలి. 'డ్రైవింగ్'లో 'ఇంగ్' తీస్తే 'డ్రైవ్' మిగులుతుంది. 'కింగ్'లో, 'రింగ్'లో 'ఇంగ్' తీస్తే ఒక్క అక్షరం మిగులుతుంది. అవి జెరండ్లు కావు, మామూలు పేర్లు.

'బిల్డింగ్'లో 'బిల్డ్' అనే క్రియ మిగులుతుంది. మొదట అది కట్టడం అనే పనికి పేరు. తర్వాత కట్టిన వస్తువుకే పేరైపోయింది. తెలుగులో 'కట్టడం' చూడు. 'ఇల్లు కట్టడం కష్టం' అంటే పని, 'పాత కట్టడం' అంటే వస్తువు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఒకే మాట ఒకే దారిలో నడిచింది. వస్తువు అయ్యాక 'బిల్డింగ్స్' అని బహువచనం కూడా వస్తుంది. మనం బస్టాండులో, ఆఫీసులో వాడే మీటింగు, బుకింగు కూడా ఇలా పేర్లుగా స్థిరపడినవే. అందుకే తెలుగులో వాటికి 'లు' చేర్చి 'మీటింగులు' అంటున్నాం.

ఇక 'ఈవినింగ్'. దీన్ని ఇప్పుడు ఎవరూ జెరండ్ అనరు, అది ఒక పూటకు పేరు. కానీ చాలా పాత ఇంగ్లీషులో సాయంత్రం అవ్వడానికి ఒక క్రియ ఉండేది. దానికి ఆ పాత ప్రత్యయం చేరి 'ఈవినింగ్' పుట్టింది. అంటే ఆ మాటకు మొదటి అర్థం 'పొద్దుగూకడం'. 'మార్నింగ్' మాత్రం క్రియలోంచి రాలేదు. 'మార్న్' అంటే అప్పటికే ఉదయం అని అర్థం. 'ఈవినింగ్'ను చూసి దానికీ ఒక 'ఇంగ్' తగిలించారు.

ఈ రోజు సాయంత్రం బడినుంచి ఇంటికి పోతూ మీ అక్కకు 'ఈవినింగ్' అంటే ఏమిటని అడుగు. చెప్పలేకపోతే పడమటివైపు చూపించి, పొద్దుగూకడం అని నువ్వే చెప్పు.